జడ్జి నోరు తెరిచేవేళకు

ప్రొద్దుటూరు దసరాకు ఆడిన ఒక బొమ్మను నేను వరుసగా మూడు రోజులు టిక్కెట్టు కొని చూశాను. మూడు రోజులూ, జడ్జి తీర్పు చెప్పడానికి నోరు తెరిచేవేళకు, నన్ను రెక్క పట్టి లేపి బయటికి తీసుకుపోయారు. ఆ జడ్జి ఏం చెప్పాడో నాకు ఇప్పటి దాకా ఒక్కరు కూడా చెప్పలేదు. ఇది అన్యాయం. నాకు జరిగిన అన్యాయాలన్నిటినీ ఒక వరుసలో నిలబెడితే దీనికంటే పెద్దవి చాలానే తేలతాయి (నా చేను గట్టు జరిపినవాడు ఇంకా బతికే ఉన్నాడు, సాయంత్రం పూట నాకు ఎదురుపడి నమస్కారం కూడా పెడతాడు). కానీ వాటికన్నిటికీ ఎవరో ఒకరు ఏదో ఒక సంజాయిషీ చెప్పారు. దీనికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లో మా వైపు మనిషి పుడితే పేరుకంటే ముందు పక్షం ఖాయమయ్యేది. సింహాద్రిపురం దగ్గర మా ఊరికి ఉన్నది ఒకటే వీధి, దాని నడుమ ఒక మురికి కాలువ. కాలువకు ఈ పక్కనున్న మేము ఇవతలోళ్లం, ఆ పక్కనున్నవాళ్లు అవతలోళ్లు. (అటు పోయి అడిగితే తామే ఇవతలోళ్లమని చెప్పుకునేవారట. పోయి అడిగే ధైర్యం ఎవరికుంది?) పిండి మిషను వేరు, మంగలి వేరు, టీ అంగడి వేరు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా జెండాల రంగులు మారేవి గానీ సిద్ధాంతం మాత్రం మారేది కాదు. వాళ్లు ఏ పార్టీలో ఉంటే మనం ఆ పార్టీలో ఉండకూడదు, అంతే. పత్రికల్లో రాజకీయ వ్యాసాలు రాసే పెద్దమనుషులు పేజీలు పేజీలు నింపుతారు కానీ మా ఊరి రాజకీయం ఈ ఒక్క వాక్యంలో అయిపోతుంది. అట్లా ఊళ్లో ఉన్న ప్రతిదాన్నీ రెండుగా చీల్చుకోగలిగాం. ప్రొద్దుటూరు దసరాను మాత్రం చీల్చుకోలేకపోయాం. అందుకని ఇద్దరమూ దానికే పోయేవాళ్లం.

పోకుండా ఎట్లా ఉంటాం? ఏడాదిలో మిగతా నెలలన్నీ మేము చూసేది ఎర్రటి ఎండ, వాన రాని మబ్బు. ఆ పది రోజులు మాత్రం ప్రొద్దుటూరు పెళ్లికూతురు. శెట్లు నడిపే గుడిలో అమ్మవారికి ఒక రోజు గాజుల అలంకారం, ఒక రోజు కూరగాయల అలంకారం. వీధుల్లో అమ్మవారి మెరవణి, పులివేషాలు, చెక్కభజనలు, పందిట్లో పద్యనాటకాలు. సినిమా హాళ్ల ముందు పెయింటర్లు నిచ్చెనలెక్కి హీరో బుగ్గకు గులాబి రంగు పులుముతుంటే కింద నిలబడి చూడ్డానికే ఒక పూట సరిపోయేది. ఇక తిండి సంగతి చెప్పాలంటే ఇప్పటికీ నా నోరు ఊరుకోదు. కొత్త శెనక్కాయలు ఉప్పేసి ఉడకబెట్టి గంపల్లో పోసి అమ్మేవారు. ఎర్రకారం పూసిన దోసె, బొరుగుల ఉగ్గాని, ఉగ్గాని పక్కన నూనె కారుతున్న మిరపకాయ బజ్జీ. పులివెందుల తోటల నుంచి బండ్లకెత్తి వచ్చిన చీనీకాయలను, అదే బత్తాయిలను, ఒక సాయిబు రెండు చెక్కలు చేసి ఉప్పూకారం చల్లి చేతిలో పెడితే, చప్పరించేసరికి చెవులు జివ్వుమనేవి.

ఇన్ని ఉన్నాయి కదా, వీటిలో నేను పూర్తిగా చూసింది, పూర్తిగా తిన్నది ఒక్కటీ లేదు. దానికి కారణం మా మామ.

మామంటే మా అమ్మ తమ్ముడు. ఊళ్లో మా పక్షపు పెద్దాయనకు నమ్మినబంటు. దసరాకు పోయే జట్టుకు ఆయనే నాయకుడు. మామకు ఎక్కడికి పోయినా కన్ను తలుపు మీదే. పెళ్లికి పోయినా తలుపు దగ్గర, పరామర్శకు పోయినా తలుపు దగ్గర కూర్చునేవాడు కాబట్టి ఆయనకు తలుపు మామ అని పేరు. ఒళ్లో ఎప్పుడూ ఎర్ర గీతల చేసంచి ఒకటి ఉండేది. దాన్ని కింద పెట్టేవాడు కాదు, ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఆ రోజుల్లో మా వైపు మగవాడి ఒళ్లో సంచి కనపడితే లోపల ఏముందని అడగడం మర్యాద కాదు. దానికి రెండడుగుల దూరం జరిగి కూర్చోవడమే మర్యాద. సినిమాలో హాస్యం వచ్చిందంటే మామకు పొట్ట కదిలేది, పొట్టతో పాటు సంచి కదిలేది, అటూ ఇటూ ఉన్నవాళ్ల నవ్వు గొంతులోనే ఆగిపోయేది. హాస్యనటుల మీద నాకు ఈ వయసులో కూడా ఒక రకమైన భయం ఉందంటే దానికి పునాది అక్కడే పడింది.

మామ పెట్టిన నియమం ఒకటుండేది. హాల్లో దీపాలు ఆరిపోయాక లోపలికి పోవాలి, ఇంటర్వెల్లులో నెత్తిన తువ్వాలు కప్పుకుని తల వంచుకు కూర్చోవాలి, చివర దీపాలు వెలిగేలోపు బయటికి రావాలి. వెలుతురులో అవతలోళ్ల మొహం మనం చూస్తే, వాళ్లు మన మొహం చూస్తే, ఎవడో ఒకడు మీసం మీద చెయ్యి వేస్తాడు, అక్కడి నుంచి ఎంతదూరం పోతుందో చెప్పలేం అనేవాడు. అందుచేత నాకు ఏ బొమ్మకూ పేర్లు పడటం తెలియదు, శుభం పడటం తెలియదు. ముగింపు దగ్గరపడిందని గుర్తుపట్టడంలో మామది అందెవేసిన చెయ్యి. తెర మీద పోలీసులు రాగానే ఆయన కాలు చెప్పులు వెతుక్కునేది. తల్లి కొడుకును గుర్తుపట్టి ఏడవడం మొదలుపెట్టిందా, అప్పటికి మేం సగం దూరం వచ్చేసేవాళ్లం. నాటకాలకైనా ఇదే గతి. అమ్మవారు శూలం ఎత్తడం వరకే నేను చూశాను. నా అనుభవంలో మహిషాసురుడు ఇంకా చావలేదు.

ఆ మాటకొస్తే నా చదువూ అంతే. బడికి పోయింది లేదు. అక్షరాలు గోడ మీది సినిమా కాగితాలు చూసి నేర్చుకున్నాను, వాక్యాలు బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కల్లో నేర్చుకున్నాను. పేపరులో కథ మంచి పట్టులో ఉండగా చినిగిపోయేది, లేదా నూనె మరకలో మునిగిపోయేది. ఆ మిగతా సగం కోసం ఎన్ని బజ్జీలు తిన్నానో నా పొట్టకే తెలుసు. ఊళ్లో నాకు సగంబొమ్మ అని పేరు పెట్టారు. నాకు కోపం రాలేదంటే అబద్ధం.

ఇక ఆ ఏటి దసరా. నాకు అప్పటికి మీసం మొలిచీ మొలవనట్టు ఉంది. మా అక్క కూడా మాతో బయలుదేరింది. సరదాకు కాదు. మా బావ కడప జైల్లో ఉన్నాడు. అవతలోళ్లలో మీసాలాయన అని పిలిచే ఒక రైతుకు గడ్డివాము కాలిపోయింది, తగలబెట్టింది మా బావేనని కేసు. వాము కాలిన రోజు మా బావ జమ్మలమడుగు ఆసుపత్రిలో పన్ను పీకించుకుని, దవడ గుమ్మడికాయలా ఉబ్బి, మా అక్క భుజం మీద తల వాల్చి మూలుగుతున్నాడు. అయితే ఆ రోజుల్లో కేసులో పేరు రాయించడానికి ఒక పద్ధతి ఉండేది. చేసినవాడి పేరు రాయించరు, ఎవడు లోపలికి పోతే ఆ ఇల్లు ఎక్కువ ఏడుస్తుందో వాడి పేరు రాయిస్తారు. (మావాళ్లూ అంతే రాయించేవారు. ఈ విషయంలో రెండు పక్షాలకూ తేడా లేదు.) తీర్పు దసరా వెళ్లాక. అమ్మవారికి మొక్కుకోవాలని అక్క పట్టుబట్టింది.

ఎర్రగుంట్ల దారి దగ్గరదే గానీ ఆ దారిలో అవతలోళ్ల చుట్టాల ఊరు ఉంది. కాబట్టి ట్రాక్టరును జమ్మలమడుగు మీదుగా చుట్టుతిప్పి, పెన్న పక్కగా ప్రొద్దుటూరు చేర్చారు. అక్కడ మా దూరపు చుట్టాల ఇంట్లో దిగాం. ఆడవాళ్లకు గుడి, మగవాళ్లకు సినిమా. సినిమా ఏదని అడిగితే మామకు తెలియదు. ఆయన బొమ్మను చూసి హాలు ఎంచేవాడు కాదు, తలుపులు చూసి ఎంచేవాడు. ఊళ్లో రెండు పక్కలా రెండు తలుపులున్న హాలు ఆ రోజుల్లో అదొక్కటే. ఎటునుంచి ఏం వచ్చినా ఇంకొక దిక్కుకు పోవచ్చునని ఆయన లెక్క. అవతలోళ్లూ అదే లెక్క వేసుకుని అదే హాలుకు వచ్చారు. గేటుకీపరు అనుభవమున్న మనిషి. మమ్మల్ని ఎడమ పక్కన, వాళ్లను కుడి పక్కన కూర్చోబెట్టి, నడుమ శెట్ల పిల్లలను, సాయిబులను పోశాడు.

బొమ్మ మంచిది. ఏదో అరవ బొమ్మకు తెలుగు మాటలు అతికించింది. ఒక అమాయకుణ్ని చేయని నేరానికి బోనులో నిలబెడతారు. భార్య బిడ్డను ఎత్తుకుని కోర్టు మెట్ల మీద కూర్చుని ఉంటుంది. సాక్షులు ఒక్కొక్కరూ వచ్చి అబద్ధం చెప్పి పోతారు. చివరికి జడ్జి కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, నోరు తెరిచాడు. నా రెక్క మీద మామ చెయ్యి పడింది.

సాయంత్రం అక్కకు కథంతా చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతూ వింటూ ఉన్నది కాస్తా కత్తిపీట పక్కకు జరిపి కూర్చుంది.

"జడ్జి ఏమన్యాడు?"

"నోరు తెర్సినాడు."

"తెర్సి?"

"మామ లేపినాడు."

 అక్క ఏడవలేదు, తిట్టలేదు. ఆ బోనులో ఉన్న మనిషి బావలాగా ఉంటాడా అని అడిగింది. బావకు అంత జుట్టు లేదన్నాను. అయినా సరే, రేపు మళ్లీ పొమ్మంది. "పోయి తీర్పు ఇనొచ్చి చెప్పు. అదేందో నాకు తెలియల్ల. అంతవరకూ ముద్ద దిగదు నాకి." సినిమా జడ్జికీ కడప జడ్జికీ చుట్టరికమేమీ లేదని ఆమెకు తెలుసు. తెలిసీ అడిగింది. ఇంట్లో మనిషి జైల్లో ఉన్నవాళ్లు గోడ మీద బల్లి పలికినా ఆగి వింటారు. ఆమె ఆ రాత్రి నిజంగానే తినలేదు. నాకు కాలు నిలవలేదు. మర్నాడు పొద్దున్నుంచీ గుడి దగ్గరున్నా, పులివేషాల వెంట తిరుగుతున్నా, నా మనసు ఆ జడ్జి నోటి దగ్గరే ఉంది.

రెండో రోజు మామకు విషయం చెప్పి, ఈ ఒక్కసారి శుభం దాకా ఉండనివ్వమని అడిగాను. ఆయన సంచి సర్దుకుంటూ, "జడ్జి యాడికీ పోడురా, తెర మీదే ఉంటాడు. మనం ఇంటికి పోవల్లగదా," అన్నాడు. సరే, మాటతో కాలేదు కాబట్టి బలంతో చూద్దామనుకున్నాను. కళ్లద్దాలు తుడవడం మొదలుకాగానే కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాను. మామ ఒక రెక్క లాగాడు, ఇంకొకాయన ఇంకో రెక్క లాగాడు. ఆ హాల్లో కుర్చీలన్నిటినీ ఒక పొడుగు పట్టెకు కలిపి కొట్టారని నాకు తెలియదు. నాతో పాటు వరుస మొత్తం లేచింది. ఆ చివర కూర్చున్న శెట్టి ఒకాయన గాల్లోకి లేచి, తన కాళ్లకింద నేల ఏమైందో అర్థంకాక అమ్మవారిని తలుచుకున్నాడు. ఆ గోలలో జడ్జి చెప్పాడో లేదో, చెబితే ఏం చెప్పాడో, దేవుడికెరుక.

ఇక్కడ బయటి సంగతి చెప్పాలి. రెండు తలుపులున్నాయని మామ మురిసిపోయాడు గానీ, ఆ రెండు తలుపులూ తెరుచుకునేది ఒకే ఆవరణలోకి. ఆవరణకు ఉన్నది ఒకే గేటు. గేటు దగ్గర ఒకే బజ్జీల బండి. మేం ఎడమ తలుపులో నుంచి గబగబా వచ్చేసరికి, కుడి తలుపులో నుంచి అవతలోళ్లు అంతే గబగబా వచ్చేవారు. సినిమా పూర్తిగా వదిలాక వస్తే వెయ్యిమంది జనంలో ఎవరికెవరమూ కనపడం. ముందే లేచి రావడం వల్ల ఆ ఖాళీ ఆవరణలో మేమూ వాళ్లూ తప్ప పురుగు కూడా ఉండేది కాదు. దేన్ని తప్పించుకోవాలని లేచామో సరిగ్గా దాని ఎదుట పోయి నిలబడేవాళ్లం. అప్పుడు ఇక చేసేదేముంది? రెండు పక్షాలూ బండి దగ్గరికి పోయి, ఒకరికొకరు వీపు తిప్పి, బజ్జీలు కొనుక్కుని, వేడి చల్లారేదాకా ఊదుకుంటూ తినేవాళ్లం. మీసాలాయనను నేను దగ్గరగా చూసింది అక్కడే. మీసం మీద నూనె పడకుండా బజ్జీని అడ్డంగా పట్టుకుని కొరికేవాడు. మా అక్క ముద్ద ముట్టకుండా కూర్చుని ఉంటే ఈయన బజ్జీ తింటున్నాడని నాకు కడుపు మండిపోయేది. ముగింపు గురించి బజ్జీలాయన్ను అడిగాను. లోపల చప్పట్లు వినపడగానే తాను కొత్త వాయి వేస్తానని, అంతకుమించి ఆ బొమ్మతో తనకు సంబంధం లేదని చెప్పాడు.

మూడో రోజు విజయదశమి. మర్నాడు బొమ్మ మారుతుంది, మేం ఊరికి పోతాం. అక్క రెండు రోజులుగా టీ నీళ్లతోనే ఉంది. నేను ఇంటర్వెల్లులో మెల్లగా జారుకుని, ముందుకు పోయి, తెర కింద నేల టిక్కెట్లవాళ్ల నడుమ ముడుచుకుని కూర్చున్నాను. మెడ వెనక్కి విరిగిపోయేలా తల ఎత్తి చూస్తే జడ్జి ముక్కు ఇంటికప్పంత ఉంది. కళ్లద్దాలు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు.  అప్పుడు, కూర్చున్న జనం కాళ్ల సందుల్లో నుంచి, సంచిని రొమ్ముకు అదుముకుని, మోకాళ్ల మీద దేకుతూ మామ వచ్చాడు. వచ్చి నా చెవి పట్టుకున్నాడు. అంతటి పెద్దమనిషి నేల టిక్కెట్టులో దేకుతూ వచ్చాడంటే నాకోసమే వచ్చాడని ఇప్పుడు తోస్తుంది. అప్పుడు మాత్రం ఆయనంత పగవాడు నాకు లోకంలో లేడు.

బయటికి వచ్చాం. అవతలోళ్లూ వచ్చారు. బండి చుట్టూ వీపులు తిరిగాయి. ఇక నావల్ల కాలేదు. చెవి విడిపించుకుని, మళ్లీ లోపలికి పోదామని ఒక్క ఉరుకు ఉరికాను. ఆ ఉరుకులో నా భుజం మామకు తగిలింది. సంచి ఆయన చేతిలో నుంచి జారి కింద పడింది.

ఆ తర్వాత జరిగింది నేను రాయగలిగినదానికంటే వేగంగా జరిగింది. ఎవరూ అరవలేదు. రెండు పక్షాలవాళ్లమూ ఒక్కసారిగా నేలకరుచుకున్నాం. మామ అందరికంటే ముందు పడుకున్నాడు (లోపల ఏముందో తెలిసిన మనిషి ఎందుకు పడుకున్నాడని తర్వాత అడిగితే, అందరూ పడుకుంటుంటే తానొక్కడే నిలబడటం ఏం బాగుంటుందన్నాడు). నా పక్కన, మొహానికి మొహం ఆనేంత దగ్గరగా, మీసాలాయన. ఆయన అరచెయ్యి నా నెత్తి మీద పడి, నా తలను మట్టిలోకి గట్టిగా అదిమి పట్టుకుంది. ఆ చేతికి బజ్జీల నూనె వాసన. నేను ఇవతలోణ్నని ఆయనకు ఆ క్షణాన గుర్తులేదో, గుర్తుండీ పట్టించుకోలేదో తెలియదు. అట్లా ఆ మట్టిలో చెవి ఆనించి పడుకుని ఉండగా, హాలు గోడల లోపల నుంచి చప్పట్లు వినపడ్డాయి. పెద్ద చప్పట్లు, ఈలలు. తీర్పు అయిపోయింది. తల తిప్పి చూశాను. మీసాలాయన కూడా సంచి వైపు చూడటం లేదు. చెవి హాలు వైపు తిప్పి వింటున్నాడు.

సంచిలో నుంచి ఒక చీనీకాయ దొర్లుకుంటూ వచ్చి బండి చక్రానికి తగిలి ఆగింది. దాని వెనుక ఇంకొకటి. ఇంకొకటి. మామ తోటలోవి, ఆకుపచ్చ మీద పసుపు తిరిగిన మంచి కాయలు.

ఎవరూ లేవలేదు, సిగ్గుతో. చివరికి బజ్జీలాయన, "ఇంగ లేయండప్పా, వాయి సల్లారిపోతాండాది," అన్నాడు. లేచి, దుమ్ము దులుపుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా ఎవరి దారిన వాళ్లం పోయాం. నేను హాలు తలుపు దగ్గరికి ఉరికాను గానీ గేటుకీపరు లోపల గడియ వేసుకుని తియ్యనంటే తియ్యనన్నాడు, జనం వదిలేలోపే మామ మళ్లీ నా చెవి పట్టుకుని లాక్కుపోయాడు. దారిలో మామ, సంచిలో ఏమీ లేదని తెలిస్తే మనల్నెవరు లెక్కచేస్తారురా అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు నాయకుడి గొంతులా లేదు.

ఇంటికి పోతే అక్క గడప మీదే నిలబడి ఉంది. తీర్పు వినలేదని, చప్పట్లు మాత్రం విన్నానని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మొహం ఒక్కసారిగా వెలిగింది. "సప్పట్లు కొట్నారా? అయితే ఇడిసిపెట్నారు," అంది. అసలు దుర్మార్గుడికి ఉరి పడినా చప్పట్లు కొడతారు కదా అన్నది నాకు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె అప్పటికే దారిలో మామ నా చేతిలో పెట్టిన బజ్జీల పొట్లం లాక్కుని, నిలబడే తింటూ ఉంది. తినే మనిషిని ఆపగలమా?

తర్వాత కడపలో చివరి సాక్షిని విని ఆ పూటే అసలు తీర్పు చెబుతారంటే అక్క వెంట నేనూ పోయాను. మీసాలాయన బోనెక్కి, ఆ రోజు పొగలో మొహం ఆనలేదు సామీ అన్నాడు. ముందు మా బావ పేరు చెప్పిన నోరే అది. పెద్దలు లోపల్లోపల మాట్లాడుకున్నారని కొందరన్నారు. నాకు తెలియదు. బావను వదిలిపెట్టారు. జడ్జి నోరు తెరవడం, మాట పూర్తి చేయడం నేను చూసింది నా జీవితంలో ఆ ఒక్కసారే. అది అయిపోగానే అక్క చుట్టూ చూసింది. ఎవరైనా చప్పట్లు కొడతారేమోనని. ఎవరూ కొట్టలేదు. తర్వాతి కేసును పిలిచారు.

దీనితో నేను ఊరుకోవచ్చు. అక్క ఊరుకుంది. ఆ బొమ్మలో విడిచిపెట్టారని పోయేదాకా తాను కళ్లారా చూసినట్టే చెప్పేది. నేనే ఊరుకోలేకపోయాను. తెలియనిదాన్ని తెలిసినట్టు పెట్టుకోవడం సొంతంగా చదువుకున్నవాడికి చేతకాదు. బొమ్మ పేరు చూద్దామంటే గోడ మీది కాగితంపై ఎన్నికలవాళ్లు తమ గుర్తు అంటించిపోయారు. పత్రికలో సినిమా ప్రశ్నలకు జవాబులిచ్చే ఆయనకు కార్డు రాశాను, ఆయన పలకలేదు. ఈ మధ్య మనవణ్ని ఫోన్లో వెతకమంటే, పేరు తెలియని బొమ్మను ఏమని వెతకాలి తాతా అని నవ్వాడు. మామను అడగడం దండగ. చివరి రోజుల్లో ఇంట్లో టీవీ చూస్తూ కూడా, పోలీసులు రాగానే లేచి చెప్పులు వెతుక్కునేవాడు. ఎందుకు మామా, ఇది మన ఇల్లే కదా అంటే కాసేపు తికమకపడి, మళ్లీ కూర్చునేవాడు కాదు.

ఇక మా పెద్దాయన, వాళ్ల పెద్దాయన. ఒక ఎన్నికల ముందు ఇద్దరూ ఒకే కండువా వేసుకుని పులివెందులలో ఒకే వేదిక మీద పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. ఒకాయన చెవిలో ఒకాయన ఏదో చెప్పి నవ్వుకున్నారు. నేను కింద జనంలో ఉన్నాను. నాకు కోపంతో చెవులు మోగిపోయాయి. వీళ్లు ఒకే వేదిక మీద చివరిదాకా కూర్చోగలిగినప్పుడు, మేం ఒకే హాల్లో చివరిదాకా కూర్చుంటే ఏమయ్యేది? ఆ కుర్చీల వరుసను కూడా ఒక పట్టెకు కొట్టి ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాను.

మొన్నటి దసరాకు మళ్లీ ప్రొద్దుటూరు పోయాను. ఇప్పుడు దీపాలు ఎక్కువ, తిండి ఎక్కువ, ఎన్నెన్నో దేశాల పేర్లు పెట్టుకున్న బండ్లు. ఆ హాలు లేదు, దాని చోట పెళ్లిమండపం ఉంది. బజ్జీల బండి మాత్రం ఉంది, పాత ఆయన కొడుకు నడుపుతున్నాడు. ఒక పొట్లం కట్టించుకుని పక్కకు తిరిగితే, బల్ల మీద కర్ర ఆనించి ఒక ముసలాయన కూర్చుని, బజ్జీని అడ్డంగా పట్టుకుని కొరుకుతున్నాడు. మీసం తెల్లబడింది, సన్నబడింది. నూనె పడకుండా పట్టుకునే తీరు మారలేదు.

పోయి పక్కన కూర్చున్నాను. నన్ను గుర్తుపట్టి కొంచెం జరిగి చోటిచ్చాడు. అక్క సంగతి అడిగాడు, చెప్పాను. అయ్యో అన్నాడు. వాము గురించి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కోర్టులో మాట ఎందుకు మార్చావని అడగాలని కూడా నాకు తోచలేదు. ఇన్నేళ్లుగా నా లోపల కుదురు లేకుండా తిరుగుతున్నది వేరే ప్రశ్న. మీరు కుడి పక్కన కూర్చున్నారు, మాకంటే కొంచెం వెనక లేచేవాళ్లు, కాబట్టి నాకు చెప్పగలిగినవాడివి లోకంలో నువ్వొక్కడివే, ఆ జడ్జి చివరికి ఏమన్నాడప్పా అని అడిగాను.

మీసాలాయన బజ్జీని పొట్లంలో పెట్టి, వేళ్లు తుడుచుకుని, నా వైపు తిరిగాడు.

"మాకేం తెల్సప్పా. మీరెప్పుడు లేస్తారో, మీరు లేస్తే మేమెప్పుడు లేయల్లనో అని సీకట్లో మిమ్మల్నే చూస్తాంటిమి. తెర చూసినోడు మాలో ఒక్కడన్నా ఉంటే గదా. ముందరికి పోయి కూసోని చూసినోనివి నువ్వే. నువ్వే చెప్పల్ల. ఇడిసిపెట్నారా ఆయప్పను?"